చేన్ల అనరాని మాట

ఎండిపోయిన చేనుకు కావలి కాసినోళ్ళను మీరెక్కడన్న చూసిండ్రా? నేను కాసిన. చేతిల చింతబరిగె పట్టుకొని, నెత్తికి కొంగు సుట్టుకొని, పొద్దుగాల్నుంచి పొద్దుమీకే దాక మక్కచేను ఒడ్డు మీద కూసున్న. చేన్ల పిట్టకు సుత ఒక్క గింజ లేదు. తొవ్వెంట పోయేటోళ్ళు నన్ను చూసి నవ్వెటోళ్ళు. "ఏందే పిల్లా, ఏమున్నదని కాస్తానవ్? గాలి ఎత్తుకపోతదనా?" అని అడిగెటోళ్ళు. "మీ నవ్వులు సల్లగుండ, ముందుగాల మీ బర్రెను పట్టుకోండ్రి" అని ఒర్రెదాన్ని.

అది డెబ్బైల నడిమి కాలం. మాది వరంగల్లు అవతల, బస్సు రోజుకోసారి వస్తే వచ్చినట్టు, లేకుంటే లేనట్టు ఉండే ఊరు. నేను కాపురానికొచ్చి ఎక్కువ కాలం కాలే. ఆ ఏడు వాన మొదట్ల మంచిగనే కొట్టింది. మక్క నడుము దాటి లేసింది. మా ఆయన ఈల ఏసుకుంట ఎడ్లను తోలెటోడు. తీరా కంకి పెట్టే టైముకు వాన మొకం చాటేసింది. ఇయ్యాల పడతది, రేపు పడతదని మెడలు నొచ్చేదాక మీదికి చూసినం. ఆకులు సుట్టుకపోయినయ్, పీచు మాడిపోయింది. కంకి ఒలిచి చూస్తే లోపల ఉత్త బెండు.

గప్పుడు ఊళ్ళె చాటింపేసిండ్రు. పంట పోయిన చిన్న రైతులకు సర్కారు పైసలిస్తదట, మల్ల కారుకు ఇత్తులకు, మందుసంచులకు అక్కరకొస్తయట. సగానికంటె ఎక్కువ పోయినోళ్ళకే. తాలూకా నుంచి పంటలు లెక్క రాసే గిర్దావరు సారు వచ్చి, ఎవల చేన్ల వాళ్ళను నిలబెట్టి, అడిగి, చూసి రాసుకుంటడట. సారు చూసేదాక చేను కొయ్యొద్దు. కోస్తే పంట ఇంటికొచ్చినట్టే లెక్క. పసులు మేసినా గంతే, అందుకే నా కావలి.

అగో, ఆ కొయ్యొద్దన్న మాటనే మా పాణం మీదికొచ్చింది. గింజ లేకున్నా మక్కచొప్ప ఎడ్లకు మేత. మా కొట్టం ఎనుక గడ్డివాము అప్పటికే అడుగంటింది. ఊళ్ళె ఎవలినడిగినా "మాకే లేదు బిడ్డా" అని చేతులు తిప్పెటోళ్ళు. చేను నిండ మేత నిలబడ్డది, ఇంటికాడ ఎడ్లు గాడి నాకుతానయ్. కోస్తే పైసలు రావు. కొయ్యకుంటే ఎడ్లు బతకయ్. చెప్పుండ్రి, ఏం జెయ్యాలె?

మా ఆయన డోర్నకల్ దిక్కు రైలు పట్టాల కాడ మట్టిపనికి పోయిండు. పోయేటప్పుడు నన్ను కొట్టంలకు పిలిచిండు. "ఎడ్లు పోతే మన ఎవసం పోయినట్టే. ఇగ నేను పటేలు కాడ జీతముండుడే, బతుకంత పేడ తీసుడే. చేను కొయ్యకుండ్రి, ఎడ్లను సావనియ్యకుండ్రి" అన్నడు. "రెండూ ఎట్లయితయయ్యా?" అని అడిగిన. తువ్వాల దులిపి భుజం మీదేసుకొని బస్సెక్కిండు. మొగోళ్ళకు బస్సెక్కుడు మస్తు అల్కగ.

ఇంట్ల మిగిలింది నేను, మా అత్త. మా మామ నేను రాకముందుకే కాలం జేసిండు, అప్పట్నుంచి చేను ఆమె పేరు మీదున్నది. పట్టాదారు ఆమెనే. సన్నగ, నల్లగ, ఉలవకట్టె తీరు ఉండేది మా అత్త. నోరు నా అంత పెద్దది కాదు గని, పట్టు పడితే మాత్రం ఎవల మాట ఇనదు. ఆమెకు దేవునికంటె చేనంటే భయం, చేనంటే భక్తి. చెప్పులు ఒడ్డు మీదనే ఇడిచి లోపలికి దిగేది. చేన్ల ఉమ్మనియ్యది, ఏడ్వనియ్యది. అన్నిటికంటె పెద్ద కట్టడి ఇంకోటున్నది. చేన్ల నిలబడి "పంట పోయింది" అని అనొద్దు. ఎవలన్న "ఎట్లున్నది చేను?" అని అడిగితే "అమ్మ దయ, మంచిగనే ఉన్నది" అనాలె. పురుగు తింటాన్నా గట్లనే అనాలె. తల్లి ముంగట నిలబడి నీ కడుపు పండలేదని ఎట్లంటరు అనేది.

కొత్తల నాకు తెల్వక, పల్లి పీకుతాన్నప్పుడు "ఈసారి కాయ పట్టలే, పోయినట్టే అత్తా" అన్న. ఎన్కకెల్లొచ్చి నా నోరు మూసింది. మట్టి తీసి కండ్లకద్దుకొమ్మన్నది. నేను లోపల నవ్వుకున్న గని, అద్దుకున్న. మా అవ్వగారింట్ల సుత పాతోళ్ళు గిట్లనే అనెటోళ్ళు, మరీ గింత పట్టింపు లేకుండె.

దినాలు గడుస్తానయ్, సారు రాడు. ఇయ్యాల పక్కూరికి వచ్చిండట, రేపు మన ఊరేనట. రేపు పోయి ఎల్లుండాయె. జీపు సప్పుడైతే సాలు, నేను సద్ది ఇడిచిపెట్టి రోడ్డు మీదికి ఉరికేదాన్ని. అది లారీ అయితుండె. సర్కారు పైసలొస్తే ఏం కొనాలె, ఏ దుకాన్ల కొనాలె అని నేను, మా అత్త పొయ్యికాడ ముచ్చట పెట్టుకుంటాంటే, పక్కింటి పెద్దమ్మ గోడ మీదికెల్లి "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట" అని దెప్పింది. కోపమొచ్చింది గని, నిజమే గదా.

ఈ నడుమ ఎడ్ల బేరగాడు మోపయ్యిండు. పట్నం కబేళాకు పసులను తోలెటోడు. వాకిట్ల నిలబడి, ఎడ్ల బొక్కల దిక్కు చూసి, నాలుక సప్పరిచ్చి ఒక ధర అనెటోడు. మల్ల వచ్చినప్పుడు ఇంకింత తక్కువ అనెటోడు. "ఆలస్యం చేస్తే తోలు ధరనే అయితదమ్మా" అన్నడు ఒకనాడు. నా నోటికి ఏదొస్తే అది తిట్టిన. వాడు పోయినంక కొట్టంలకు పోయి ఎర్రెద్దు మెడ పట్టుకొని ఏడ్చిన. దాని గంగడోలు ఉత్త సంచి లెక్క ఏలాడుతాంది.

మా అత్త ఆగలేకపోయింది. చేను నడుమకు పోయి, బయటికి కనపడకుంట కింది ఆకులు గుంజి, కొంగుల కట్టుకొచ్చి ఎడ్లకు పెట్టుడు షురు చేసింది. నేను పట్టుకున్న. "సారు చూస్తే కోసుకున్నరంటడు, మొత్తానికే మోసమొస్తదత్తా" అని లొల్లి చేసిన. ఆమె ఎద్దు నోటికి ఆకు అందిచ్చుకుంట నిలబడ్డది. అది తింటాన్న సప్పుడినంగనే నా నోరు మూతపడ్డది. తెల్లారి నేను సుత ఇంత గుంజుకొచ్చిన.

ఆఖరికి సారు వచ్చిండు. నేను నీళ్ళు తాగి కడవ దించుతాన్న, రోడ్డు మీద జీపు ఆగింది. పట్వారి ముంగట, సారు ఎనుక, చేన్లకు దిగిండ్రు. ఉరికిపోయి, చెల్క అవతల పిడకలేరుతాన్న అత్తను గుంజుకొచ్చిన. ఆమె చెప్పులు ఒడ్డు మీద ఇడిచి, కొంగు సదురుకొని, సారుకు దండం పెట్టింది.

సారు చెడ్డోడు కాదు. ఎండకు మొకమంత కమిలి ఉన్నది పాపం. ఒక కంకి తెంపి చూసిండు. "ఏమవ్వా, నువ్వేనా పట్టాదారువు? పంట ఎంత పోయింది?" అన్నడు.

మా అత్త చేను దిక్కు చూసింది, కాళ్ళ కింది మట్టి దిక్కు చూసింది. "పోవుడేంది సారూ. అమ్మ దయ. జర ఎనుకకు పడ్డది, అంతే" అన్నది.

నాకు నెత్తిన పిడుగు పడ్డట్టయ్యింది. పట్వారి నోరు తెరిచిండు. సారు కలం పట్టుకొని మల్ల అడిగిండు. "సగం పోయిందా? పావు వంతా? సరిగ చెప్పవ్వా, నీ మాటనే నేను రాసుకునేది."

"పండుతది సారూ. పండకుంట ఎటు పోతది."

"అత్తా!" అని ఒర్రిన. ఇగ నాకు పెద్దంతరం లేదు, చిన్నంతరం లేదు. దొరికిన కంకులు తెంపి, పొట్టు గుంజి, బెండ్లు సారు కాళ్ళకాడ ఇసిరిన. "పోయింది సారూ! మొత్తం పోయింది! ఒక్క గింజ చూపెట్టుండ్రి, నేను మీ చెప్పులు మోస్త. ఈమె మాటినకుండ్రి, ఈమెకు చేన్ల అనొద్దని పట్టింపు. ఇంటికాడ ఎడ్లు సస్తానయ్ సారూ!" అన్న. మా అత్త రెండు చెవులు మూసుకున్నది. నేను ఇంకింత గట్టిగ ఒర్రిన.

"నాకు కనపడతాందమ్మా" అన్నడు సారు మెల్లగ. "కాని, పట్టాదారు పండుతదంటే నేను పోయిందని రాసి ఏలిముద్ర ఎట్ల తీసుకోవాలె? పైకెల్లి తనికీ వస్తే, ఈమె వాళ్ళకు సుత గిట్లనే చెప్తే, నా నౌకరి పోతది."

నేను అత్త రెక్క పట్టి రోడ్డు మీదికి గుంజుకొచ్చిన. "ఇది చేను కాదు, సర్కారు రోడ్డు. ఇక్కడ చెప్పు! ఒక్క మాట చెప్పు, నీ కాళ్ళు మొక్కుత!" అన్న. ఆమె కండ్లల్ల నీళ్ళు తిరుగుతానయ్. "ఇక్కడికి సుత చేను కనపడతనే ఉన్నది గదనే" అన్నది.

సారు జీపెక్కిండు. ఎక్కి, నన్ను పిలిచి, "సోమారం దాక కాయిదాలు నా దగ్గర్నే ఉంటయ్. ఆమెను హన్మకొండ సుబేదారిల ఆఫీసుకు తోలుకరా. నా ముంగట చెప్తే రాస్త" అన్నడు. దుమ్ము లేసింది. పట్వారి చెయ్యూపుకుంట ఏదో అన్నడు గని, నాకినపడలే.

ఆ పొద్దు ఇంట్ల నేను పడ్డ కోపం అంతింత కాదు. గిన్నెలు ఎత్తేసిన. "నీ మట్టి నీకు అన్నం పెడతదా? రేపు నీ కొడుకు జీతముంటే అప్పుడు చెప్పు, అమ్మ దయని చెప్పు!" అని సూటిపోటి మాటలన్న. ఆమె గటక ముట్టలే. గోడకొరిగి కూసున్నది. నేను చెప్పి చెప్పి అలసిపోయి, కోపం చల్లారినంక భయం పట్టుకున్నది. సోమారం వచ్చి పోతే ఏంది గతి? మా ఆయనకు నేనేం మొకం చూపెట్టాలె? మొండితనం ఆమెది, మాట పడేది నేను.

తెల్లారి తెల్లెద్దు లెవ్వలే. తోక పట్టి గుంజినం, కడుపు కింద కట్టె పెట్టి లేపినం, అదిలించినం. ముంగటి కాళ్ళ మీద లేసి మల్ల కూలబడ్డది. కండ్లు తేలేసి మా దిక్కు చూస్తాంది. మా అత్త దాని మూతి ఒళ్ళె పెట్టుకొని కూసున్నది. అట్ల ఎంతసేపున్నదో. తర్వాత లేసి, మొకం కడుక్కొని, పెట్టెలకెల్లి ఉతికిన చీర తీసింది. "నడువు, బస్సు పోతది" అన్నది నాతోని.

హన్మకొండల దిగి ఆఫీసు దాక నడిచినం. అరుగు మీద మా తీరు రైతులే నిండ ఉన్నరు. లోపల సారు లేడు, వస్తడన్నరు. వస్తడో రాడో. పొద్దు నెత్తి మీదికొచ్చింది. బంట్రోతు బయటికొచ్చినప్పుడల్ల నేను లేసి నిలబడుడు, మల్ల కూసునుడు. ఇంటికాడ ఎద్దును పక్కింటి పెద్దమ్మకు అప్పజెప్పి వచ్చినం, అది ఉన్నదో పోయిందో తెల్వది. మా అత్త నా రెక్క మీద చెయ్యేసింది. "పిల్లా, ఇక్కడికి మన చేను ఎంత దూరముంటది?" అని అడిగింది.

"మస్తు దూరమత్తా. కోసులకు కోసులు" అన్న. "ఇక్కడ అన్నది అక్కడికెట్ల ఇనపడతది?"

తల ఊపింది. నమ్మిందో లేదో నాకు సమజ్ కాలే.

సారు వచ్చిండు. మమ్ములను గుర్తుపట్టి ముందుగాలనే పిలిచిండు, ఆయన పిల్లాపాపలు సల్లగుండ. కాయిదం తీసి, "ఆ, చెప్పవ్వా. ఎంత పోయింది?" అన్నడు. మా అత్త బల్ల పట్టుకొని నిలబడ్డది. పెదవులు కదులుతానయ్, మాట వస్తలేదు. నేను మాట అందిద్దామంటే, మాట్లాడొద్దని సారు చెయ్యి చూపెట్టిండు.

"మొత్తం పోయింది సారూ" అన్నది. ఇంతే అంటదనుకున్న. ఆగలే. "గింజ లేదు. కంకి లేదు. నా మొగడు నాగలి పట్టిన కాన్నుంచి ఇట్ల ఎన్నడు పోలే. ఆ చేన్ల ఏం లేదు సారూ, ఏం లేదు" అని చెప్పుకుంట చెప్పుకుంట కిందికి కూలబడ్డది. సారు తల వంచుకొని రాసుకున్నడు. ఏలిముద్ర ఏసినంక ఆమె బయట కుళాయి కింద బొటనేలు కడిగింది, మట్టి రాసి మల్ల కడిగింది. ఏలి మీది నల్ల సియ్య పోలే.

"ఇగ కోసుకోవచ్చు" అన్నడు సారు. ఊళ్ళె దిగంగనే కొడవలి పట్టుకొని చేనుకు ఉరికిన. అత్త రోడ్డు మీదనే ఆగింది. "నువ్వు కొయ్యి, నేను ఇక్కడికెల్లి మోస్త" అన్నది. అలసిపోయిందనుకున్న. కోసి ఒడ్డు దాక నేను తెచ్చిన, ఒడ్డు కాన్నుంచి ఇంటికి ఆమె మోసింది. తెల్లెద్దు పండుకున్న కాడనే తిన్నది. రెండు దినాలకు లేసి నిలబడ్డది. బేరగాడు మల్ల వచ్చి, దాన్ని చూసి, వాకిట్లకెల్లే ఎనుకకు మర్రిండు. వాని ఈపు చూసి నేను కడుపార నవ్విన.

పైసలు ఊకె వచ్చినయా? ఎండకాలమంత ఎదురుచూసినం. పేరు వచ్చిందంటరు, రాలేదంటరు. మా ఆయన మట్టిపని నుంచొచ్చి పట్వారింటి సుట్టూ తిరిగిండు. ఇత్తులేసే మిరుగు కార్తె దగ్గర పడతాందంటే నాకు కునుకు పట్టకపోయేది. ఒకనాడు ఆయన తువ్వాలల మూట కట్టుకొని నవ్వుకుంట వచ్చిండు. వరంగల్లుకు పోయి ఇత్తులు తెచ్చినం. ఇంట్ల మల్ల మనుషుల సప్పుడైంది. మా అత్త సుత ఇత్తులు చేతులకు తీసుకొని, మంచిగున్నయని మెచ్చుకున్నది.

మిరుగు వాన పడ్డది. భూమి పదునెక్కింది. ఎడ్లను కడిగి, కుంకుమ పెట్టి, నాగలి కట్టినం. మా దగ్గర తొలి సాలుల తొలి గింజ ఇంటి పెద్ద ఆడమనిషి ఎయ్యాలె. మా మామ పోయినా ఆ పని ఎన్నడు మా అత్తదే. మా ఆయన నాగలి పట్టి నిలబడ్డడు. ఆమె ఒడ్డు మీద, చెప్పులు ఇడువకుంట నిలబడ్డది. "రా అవ్వా, పదును పోతది" అని పిలిచిండు.

"నేను దిగ బిడ్డా" అన్నది.

గప్పుడు సమజైంది నాకు. ఆఫీసుకెల్లి వచ్చిన కాన్నుంచి ఆమె చేన్ల కాలు పెట్టలే. నేను ఉరికిపోయిన. "ఏందత్తా ఇది? ఆ మాట నువ్వు చేన్ల అనలే. అక్కడెక్కడో అన్నవ్. చేన్ల నిలబడి అన్నది నేను! గొంతు చిరిగేదాక ఒర్రిన. నేను దిగి తిరుగుతలేనా?" అన్న.

మా అత్త ఇత్తుల మూట ఇప్పి నా కొంగుల పోసింది. "నువ్వు కోపానికన్నవ్ బిడ్డా. పిల్లలు కోపానికి ఎన్నో అంటరు, తల్లి మనసుల పెట్టుకోదు. నేను పైసలకన్న" అన్నది.

ఊరందరి నోళ్ళు మూయించిన నోరు నాది, ఒక్క మాట దొరకలే. మా ఆయన అటు తిరిగి ఎడ్లను సదురుతాండు. నేను ఏడ్చుకుంట దిగి, తొలి గింజ ఏసిన. చేన్ల ఏడ్వొద్దని ఆమె ఒడ్డు మీదికెల్లి అనలే. నేను తలెత్తి చూసేటాళ్ళకు, మా అత్త ఆ తొవ్వెంట కైకిలి కూలికి పోయేటోళ్ళ ఎంబడి పక్కోళ్ళ చేను దిక్కు పోతాంది.